పూజాపత్రిలో పురుగు వాటా

లింగార్చనకు పత్రి కోసేవారు మారేడు చెట్టు వద్ద ఆకులను చూచి చూచి కోస్తారు. మూడు దళాలూ చెదరకుండా ఉండాలి. అంచు చిరిగి ఉండరాదు. పురుగు కొరికి ఉండరాదు. ఇది తరతరాల ఆచారం. ఇష్టలింగానికి అర్పించే వస్తువు నిండుగా ఉండాలని కోరుకోవడం భక్తికి సహజమే గనుక ఇందులో ఆక్షేపించవలసినది లేదు. అయితే చెదరని దళం కావాలనే కోరిక మరికొంత దూరం సాగి, చెట్టు మీద పురుగే ఉండరాదన్న పట్టుదలగా మారినప్పుడు ఒక ధర్మసందేహం తలయెత్తుతుంది. పూజకోసం పెంచిన తోటలో పూజ చేయనేరని ప్రాణికి వాటా ఉన్నదా? ఉంటే అది యజమాని పెట్టే భిక్షమా, లేక ఆ ప్రాణికి చెందవలసిన పాలా?

ముందుగా ఆ మారేడాకును కొరికేది ఎవరో తెలుసుకోవాలి. మారేడు, నిమ్మ, కరివేప వృక్షశాస్త్రం ప్రకారం ఒకే కుటుంబానికి చెందినవి. నల్లని రెక్కల మీద లేతపసుపు మచ్చలు గల నిమ్మ సీతాకోకచిలుక ఈ కుటుంబపు చెట్లను వెదకి, వాటి లేతచిగుళ్ల మీద ఒక్కొక్క గుడ్డు చొప్పున పెట్టి పోతుంది. గుడ్డునుండి వెలువడిన గొంగళి తొలిదశలో పిట్టరెట్టను పోలి ఉండి పక్షుల కంటబడక తప్పించుకుంటుంది. ఎదిగిన పిమ్మట ఆకుపచ్చగా మారుతుంది. ఎవరైనా కదిలిస్తే తల వెనుకనుండి ఎర్రని జంటకొమ్మును బయటికి చాచి ఘాటైన వాసన విడుస్తుంది. గుడ్డు పెట్టిన నాటినుండి సుమారు నాలుగు వారాలకు రెక్కలు విప్పుకొని ఎగిరిపోతుంది. గొంగళిగా ఉన్నన్నాళ్లు దానికి పచ్చగడ్డి పెట్టినా, వేపాకు పెట్టినా ముట్టదు. ఆకలితో చస్తుందే తప్ప పరాయి ఆకు తినదు. కాబట్టి పూల మీద వాలిన సీతాకోకచిలుకను చూచి మురిసిపోయి, ఆకు మీది గొంగళిని నలిపివేసే గృహస్థు ఒకే అతిథికి వీధివాకిట పీట వేసి, పెరటివాకిట తలుపు మూస్తున్నాడన్న మాట. తెలియక చేస్తున్నాడనే అనుకోవాలి. తెలిసిన తరువాత కూడా చేస్తే ఆ మాట వేరు.

శివపూజకు ప్రశస్తమని పెద్దలు చెప్పిన పూలను తలచుకుంటే మరొక సంగతి స్ఫురిస్తుంది. తుమ్మి, జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు మొదలైనవాటిలో అధికభాగం అంగడిలో ఎవరూ వెల కట్టనివి. గట్టు మీద, పాటిదిబ్బ మీద, ఎవరూ నీరు పోయకున్నా పెరిగేవి. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క బంధువర్గం ఉన్నది. జిల్లేడు పాలు చేదు, విషం. కాని నారింజరంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి తన పిల్లలను ఆ ఆకుల మీదనే పెంచుతుంది. ఆ గొంగళి జిల్లేడు విషాన్ని తన ఒంట దాచుకొని, దానితోనే పిట్టలనుండి ప్రాణం కాపాడుకుంటుంది. జిల్లేడు పువ్వులోని పుప్పొడి విడిపొడిగా రాలదు, ముద్దకట్టి ఉంటుంది. దానిని లాగి మోసుకుపోవడానికి బలమైన నల్లతుమ్మెద కావాలి. ఆ తుమ్మెద ఎండిన కొమ్మలలో, వెదురుబొంగులలో తొలుచుకొని కాపురం చేస్తుంది. ఎండుకొమ్మ కనబడగానే నరికి పొయ్యిలో పెట్టే తోటలో దానికి ఇల్లు లేదు. ఉమ్మెత్త తెల్లని పువ్వు సాయంకాలం విచ్చుకొని, రాత్రివేళ తిరిగే పెద్ద రెక్కల పురుగులను పిలుస్తుంది. గన్నేరాకును తిని పెరిగే గొంగళులు వేరే ఉన్నాయి. శివునికి ప్రీతి అని చెప్పిన మొక్కలను పెంచడం ఈ విధంగా అనేక జీవులకు అన్నం పెట్టడమే అవుతున్నది. పూర్వులు ఆ ఉద్దేశంతోనే ఈ పూలను ఎంచారని వాదించడం అతిశయోక్తి; ఫలితం మాత్రం అదే.

ఈ ప్రశ్న మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో మిగిలిన చోట్లకంటె పదునుగా ఎదురవుతుంది. కృష్ణా డెల్టా దిగువ భాగంలో సాగుకు రాని నేల బహుతక్కువ. చేను ముగిసిన చోట చెరువు, చెరువు ముగిసిన చోట కాలువ. గట్లమీద గడ్డిమందు చల్లడం వాడుకలోకి వచ్చినప్పటినుండి తుమ్మిమొక్కకు గట్టు కూడా దక్కడం లేదు. చేలగట్ల మీది తాడిచెట్లు పలుచబడుతున్నాయి. ఇట్టి ప్రదేశంలో పెరడు, గుడి ఆవరణ, మఠం తోట అనేవి కేవలం అలంకారాలు కావు. చుట్టుపక్కల చోటు కోల్పోయిన ప్రాణులకు మిగిలిన కొద్దిపాటి ఆశ్రయాలు. అక్కడ కూడా చోటు లేదంటే మరెక్కడా లేదు.

కాని కొత్తగా వేస్తున్న తోటలను చూస్తే, చోటు లేదనడానికే వాటిని వేసినట్లు ఉంటున్నది. పరచిన పచ్చిక, రంగు క్రోటన్లు, సిమెంటు బాట, రాలిన ఆకు రాలినట్టే ఊడ్చివేయడం. ముద్దమందారం కంటికి నిండుగా కనబడుతుంది. అందులో కేసరాలే రేకులుగా మారిపోయి పుప్పొడికి కరువు. ఒంటిరెక్క మందారం ముందు తేనెపిట్ట ఆగినట్లు దాని ముందు ఆగదు. మచిలీపట్నం రేవునుండి ఒకప్పుడు దేశదేశాలకు ఓడలెక్కిన కలంకారీ వస్త్రాల మీద జీవవృక్షమనే చిత్రం ప్రసిద్ధం. కొమ్మకొమ్మకు ఒక పువ్వు, పువ్వుపువ్వుకు ఒక పక్షి. పెడనలో నేటికీ కలంకారీ అద్దకం సాగుతున్నది. గుడ్డ మీది పక్షికి ఉన్నంత గౌరవం గూటిలోని పక్షికి ఆ చుట్టుపక్కల పెరళ్లలో దొరికితే ఎంత బాగుండును!

వీరశైవంలో దానానికి, దాసోహానికి భేదం చెప్పడం వాడుక. దానంలో ఇచ్చేవాడు పైనుంటాడు. దాసోహంలో ఇచ్చేవాడే దాసుడు. వచ్చిన జంగముని కులగోత్రాలు విచారించి విస్తరి వేయడం దాసోహమనిపించుకోదు. ఈ కొలతతో చూస్తే తోటలో జరిగే ఆతిథ్యమంతా లెక్కకు నిలువదు. చిలుక రావాలి, గబ్బిలం రాకూడదు. తేనెపిట్ట రావాలి, కందిరీగ రాకూడదు. కోకిల కూయాలి గాని కప్ప అరవకూడదు. అందమైనవారికి మాత్రమే వడ్డించే పంక్తి ఇది. అక్కమహాదేవి తన వచనాలలో పక్షులను, తుమ్మెదలను పలకరించి చెన్నమల్లికార్జునుని జాడ అడిగింది. ఆ వచనాలను భక్తితో చదువుకునేవారి తోటలలో, అడిగితే బదులు పలుకదగిన పక్షి ఒకటైనా ఉండాలిగదా!

మారేడు విషయంలో పరిష్కారం కష్టమైనది కాదు. రెండు చెట్లు నాటగలిగిన చోట ఒకటి పూజకు, రెండవది వచ్చేవారికి. ఒక్కటే చెట్టయితే చేతికందే కొమ్మలలో పత్రి కోసుకొని, పై కొమ్మలను వదలడం. నాలుగు గొంగళులు తిన్నంతమాత్రాన ఎదిగిన మారేడు చావదు, మరల చిగురిస్తుంది. చిన్న మొక్క మీద గొంగళులు ఎక్కువైతే వాటిని ఆకుతో సహా తీసి పక్కనున్న నిమ్మచెట్టు మీద, కరివేప మీద ఉంచవచ్చును. పురుగుమందు చల్లి తీసిన చెదరని దళం లింగానికి ఎంతవరకు శుద్ధమైన అర్పణమో ఆచారవంతులు ఆలోచించుకోవాలి.

ఇంతవరకు ఇచ్చేవానికి పెద్ద నష్టం లేదు. అసలు చిక్కు ఇచ్చేది ఒకరు, నష్టపోయేది మరొకరు అయినప్పుడు వస్తుంది. ధర్మం గూర్చిన వ్యాసాలలో సాధారణంగా ఈ చోటు దాటవేస్తారు.

కృష్ణా, గోదావరి మండలాలలో కొత్తవరి కోతకు వచ్చినప్పుడు కంకులను కుచ్చులుగా అల్లి గుడి మండపంలోను, ఇంటి చూరుకు వ్రేలాడగట్టడం పాతవాడుక. పిచ్చుకలు వచ్చి గింజలు ఒలుచుకు తింటాయి. ఎంతో ముచ్చటైన ఆచారం. ఖర్చు కూడా ఇంటివారిదే. అయితే గిజిగాళ్ల సంగతి వేరు. మఠం తోటలో నీటిపక్కనున్న తాడిచెట్టుకు అవి గూళ్లు వ్రేలాడగట్టితే చూపరులకు పండుగ. వరి పాలుపోసుకునే వేళ ఆ గుంపు దిగేది మాత్రం పక్క చేనిలో. ఆ చేను మఠానిదే అయినా దానిని దున్నేవాడు కౌలురైతు. గింజ తగ్గినా కౌలు తగ్గదు. అప్పుడు పక్షులకు అన్నం పెట్టిన పుణ్యం మఠానికి, పెట్టిన అన్నం కౌలుదారునిది. ఇది దాసోహం కాదు. పరులసొమ్ముతో చేసిన సంతర్పణ. తాడిచెట్టును ఉంచదలచిన మఠం కౌలులో ఆ మేరకు తగ్గించాలి. లేదా తన తోట అంచున నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేసి పిట్టలకు వదలాలి. ధర్మం విలువ ధర్మకర్త ఖాతాలో పడాలి.

అట్లని రైతు పక్షిని శత్రువుగా లెక్కించడం కూడా తప్పులెక్కే. గింజ తినే పిచ్చుక, గిజిగాడు కూడా తమ పిల్లలకు తొలిదినాలలో పురుగులనే ఏరి తెచ్చి పెడతాయి. ఆ కాలంలో అవి చేనికి చేసే మేలు ఎవరి చిట్టాలోనూ ఎక్కదు. 1958లో చైనా ప్రభుత్వం పిచ్చుకలను ధాన్యపు దొంగలుగా నిర్ణయించి దేశమంతటా చంపించింది. పంటల మీద పురుగు విజృంభించిన తరువాత, 1960లో ఆ జాబితానుండి పిచ్చుక పేరు తీసివేసింది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఇక్కడ వరిచేలలో పక్షులు వాలడానికి టీ ఆకారపు కర్రలు పాతమని వ్యవసాయశాఖవారు చెబుతున్నది పురుగుల అదుపుకోసమే. చెట్టు కొట్టి కర్ర పాతడం ఈ కాలపు విచిత్రాలలో ఒకటి.

దానికంటె పెద్ద విచిత్రం గుడివాడకు ఈశాన్యంగా, కైకలూరు దగ్గరి ఆటపాకలో ఉన్నది. కొల్లేటిని 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. పెలికాన్ అని పిలిచే గూడబాతులు అక్కడ గూళ్లు కడతాయి. చెట్లు చాలక, అటవీశాఖవారు నీటిలో ఇనుప స్తంభాలతో మంచెలు నిలిపితే వాటిమీద కూడా కాపురం పెట్టాయి. ఇనుముతో చెట్టు చేసి ఇవ్వవలసి వచ్చినందుకు సిగ్గుపడాలో, ఇచ్చినందుకు సంతోషించాలో చెప్పడం కష్టం, రెండూ న్యాయమే. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో ఈ పక్షులే ఊరిచెట్ల మీద గుంపులుగా గూళ్లు కట్టుకొని ఉండగా చూచి వ్రాశాడు. తరువాతి దశాబ్దాలలో ఆ గూళ్లు ఖాళీ అయ్యాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో మాత్రం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నేటికీ వస్తున్నాయి. అవి వస్తే ఊరికి శుభమని అక్కడివారి నమ్మకం. నమ్మకం శాస్త్రీయమా అన్నది అట్లుంచి, చెట్టుకు గొడ్డలి తగలకుండా ఆపినది అదే.

చేపల చెరువులవారి గోడు కూడా వినవలసినదే. గుడివాడ, కైకలూరు ప్రాంతాలలో నీటికాకులు, కొంగలు చెరువుల మీద పడకుండా తీగలు కడతారు, వలలు పరుస్తారు, టపాకాయలు కాలుస్తారు. అప్పు తెచ్చి పిల్లచేపలను వదలిన రైతుకు భూతదయ బోధించడం సులభం. అతని చెరువుగట్టు పక్క తోటలో పక్షులను పిలిచేవారు ముందు ఆ పక్షులకు వేరే నీరు, వేరే మేత చూపగలరో లేదో చూచుకోవాలి.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న దివిసీమది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణాలు పోయిన నేల అది. ఇళ్లతోపాటు చెట్లు కూలాయి, చేలు ఉప్పుబారాయి. ఆ తరువాత తీరాన సరుగుడు తోటలు లేచాయి. కృష్ణ ముఖద్వారం వద్ద మడ అడవులను 1989లో అభయారణ్యంగా ప్రకటించారు. చేపముల్లు ఆకారంలో చిన్నకాలువలు త్రవ్వి, ఆటుపోట్ల నీటిని లోపలికి మళ్లించి, బీడుపడిన చోట మడమొక్కలను మరల పెంచే పని కూడా జరిగింది. చేపలు పట్టి బ్రతికే అరుదైన నీటిపిల్లికి ఆ అడవి ఇల్లు. మనిషి ప్రాణికోటికోసం నాటిన తోటలలో ఇంత పెద్దది ఈ ప్రాంతంలో మరొకటి లేదు.

ఆ దివిసీమలోనే మోపిదేవి ఉన్నది. సుబ్రహ్మణ్యేశ్వరుడు అక్కడ లింగరూపంలో, పాముచుట్టల పీఠం మీద వెలసి ఉన్నాడు. భక్తులు పుట్టలో పాలు పోస్తారు. కార్తికమాసంలో నాగులచవితినాడు డెల్టా అంతటా పుట్టల వద్ద అదే దృశ్యం. ఆ పుట్టనుండి పాము నిజంగానే బయటికి వస్తే మరునిమిషంలో కర్రలు లేస్తాయి. రాతినాగుకు జరిగే పూజకు, ప్రాణమున్న నాగుకు జరిగే మర్యాదకు గల ఈ వైరుధ్యాన్ని బసవేశ్వరుడు 12వ శతాబ్దంలోనే ఎత్తిచూపాడు.

ఆ విమర్శ సత్యమైనదే. కాని చెప్పులు లేని కాళ్లతో చేలోకి దిగే కూలీకి ఆ సత్యం ఒక్కటే చాలదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు విపరీతమై, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసగా వచ్చారు. మోపిదేవి ఆలయంలో సర్పశాంతి హోమం చేశారు. ఆ దినాలలో ఎవరైనా వచ్చి, తోటలో ఒక మూల అడవిగా వదలండి, జెర్రిపోతు ఎలుకలను తింటుంది, అది విషసర్పం కాదు అని చెప్పి ఉంటే వినేవారు ఎందరు? చెప్పిన మాటలో అబద్ధం లేదు. ఎలుకలు గాదెను, గట్టును తినివేసే ప్రాంతంలో జెర్రిపోతు రైతుకు సేవకుడే. నాగుపాము అనుకొని చంపబడే పాములలో దాని వాటా కూడా ఉన్నది. కాని జెర్రిపోతుకు చోటిచ్చిన గుబురు రక్తపింజరను వద్దనదు. ఆకుల మధ్య కదలక పడుకున్న రక్తపింజరను ఎండుటాకునుండి వేరుచేసి చూడడం పగలు కూడా కష్టం.

ఇక్కడ దాసోహానికి హద్దు ఉన్నదా అని అడుగవచ్చును. ఉన్నది. ఆ హద్దు ఎక్కడ గీయాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే ముఖ్యమైన ప్రశ్న. తోటలో ఒక మూలను గుబురుగా వదలాలని ఆజ్ఞాపించే స్వామివారు అరుగు మీద నుండి చూస్తారు. ఆ గుబురు పక్కన వంగి, చేతితో ఆకులు ఎత్తేది జీతానికి వచ్చిన స్త్రీ. ప్రాణికోటి మీద కరుణ అరుగు మీదివారిది, కాటు చీపురు పట్టినవారిది అయితే ఆ కరుణకు అర్థం లేదు. కాయకానికి కైలాసమంతటి గౌరవమిచ్చిన సంప్రదాయంలో ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు: ఆ మూల ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి అన్నది ముందుగా ఊడ్చేవారిని అడగాలి.

అడిగితే వారు సాధారణంగా వద్దనరు. ఎట్లు ఉంచాలో చెబుతారు. గుబురు తోట చివరన ఉండాలి. ఇంటికి, బావికి, పశువుల పాకకు దూరంగా. దానికి, నడిచే దారికి మధ్య నాలుగు బారల నేల గడ్డి లేకుండా శుభ్రంగా ఉండాలి. మోడుబారిన తాడిచెట్టును చిలుకలకు, గోరింకలకు, పాలపిట్టలకు గూడుగా ఉంచవచ్చును గాని, గాలివానకు కూలితే ఇంటిమీద పడనంత దూరంలోనే. కట్టెలమోపులు, పాత పెంకులు గోడ వారగా పేర్చరాదు. కట్టెలను నేలకు ఎత్తుగా మంచె మీద పెట్టాలి. ధాన్యం చిందితే ఎలుక, ఎలుక వెంట పాము. గాదె చుట్టూ నేల రోజూ ఊడవాలి. పక్షులకు నీళ్ల మూకుడు పెట్టినవారు రెండు రోజులకొకసారి నీరు మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. కాటుపడినవారిని పసరులకు, మంత్రాలకు త్రిప్పక వెంటనే విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి చేర్చాలి; ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉన్నదో వానకాలానికి ముందే కనుక్కొని ఉండాలి. కొడవళ్లు, గునపాలు కొనే ఖాతాలోనే మఠంవారు మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, మందపాటి చేతితొడుగులు, ఒక మంచి టార్చిలైటు కూడా వ్రాసుకోవాలి.